బ్యాన్ చెయ్యరు, కొనరు అంతే

మా మేనబావ ఒకాయన డాలస్‌ల ఉంటడు. మొన్న ఫ్యామిలీ గ్రూపుల ఒక న్యూస్ లింక్ ఏసి కింద "చూసిన్రా, ఈడ లైబ్రరీలల్లకెళ్లి పుస్తకాలు తీసేస్తున్నరు, గీ విషయంల మన వరంగలే నయం, ఏ పుస్తకం పెట్టినా అడిగెటోడు లేడు" అని రాసిండు. అందరు దండాలు, బొటనవేళ్లు కొట్టిన్రు. నేను రిప్లై రాద్దామని కూసుంటే అది పెరిగి పెరిగి గ్రూపుల పట్టేటట్టు లేదు, అందుకే ఈడ రాస్తున్న.

ఆ లింక్ టెక్సాస్‌ల లానో కౌంటీ అనే చిన్న కౌంటీ గురించి. 2021ల అక్కడి పెద్దమనుషులు కొందరు గొడవ చేసి పబ్లిక్ లైబ్రరీలకెళ్లి 17 పుస్తకాలు తీపిచ్చిన్రు. అందుల నల్లజాతోళ్ల మీద జరిగిన దౌర్జన్యాల చరిత్ర ఉంది, ఎదిగే పిల్లలకు ఒంట్ల వచ్చే మార్పులు చెప్పేటియి ఉన్నయ్, ఇంకా చిన్నపోరగాండ్లు కిసకిస నవ్వుకునే పిత్తుల కథలు కూడ ఉన్నయ్, నిజంగనే. అక్కడి పాఠకులు 2022ల కోర్టుకు పోయిన్రు, 2023ల జడ్జి పుస్తకాలు వాపస్ పెట్టుమన్నడు, అప్పుడు కౌంటీ వాళ్లు అసలు లైబ్రరీలే మూసేద్దామా అని మీటింగ్ పెట్టుకున్నరు, ఆఖరికైతే మూయలే. 2025 మేల అప్పీల్ కోర్టు ఫుల్ బెంచ్ మాత్రం పాఠకులకు ఎదురు తిరిగింది, లైబ్రరీల ఫలానా పుస్తకం ఉండాలె అని అడిగే హక్కు రాజ్యాంగం మీకు ఇయ్యలేదు అని తేల్చింది.

చెడ్డదే. కాని బావ గమనించని ముచ్చట ఒకటుంది. అక్కడ 17 అని లెక్క ఉంది. ఏ 17 అనేది పేర్లతోని ఉంది. ఎవరు ఎవరికి మెయిల్ పెట్టిన్రు, ఎవరు షెల్ఫుకెళ్లి తీసిన్రు, అంత కోర్టు కాగితాలల్ల ఉంది. మన దగ్గర అసొంటి కేసు ఎందుకు రాదంటే తీసేసే పనే పడదు కాబట్టి. మొదలే కొనకపోతే తీసుడెందుకు?

బ్యాన్‌కు ఒక కాగితమంటూ ఉంటది. 2025 ఆగస్టుల జమ్మూ కశ్మీర్ హోం శాఖ 25 పుస్తకాలు జప్తు అని ఆర్డర్ ఇచ్చింది, సీఆర్‌పీసీ జాగల వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్ చట్టం 98వ సెక్షన్ కింద, ఆ వెంబడే శ్రీనగర్ పుస్తకాల షాపులల్ల పోలీసులు దిగిన్రు. తప్పా ఒప్పా పక్కకు పెట్టుండ్రి, ఆ 25 పేర్లు మాత్రం దేశమంత చదివింది, కశ్మీర్ గురించి అన్ని పుస్తకాలున్నయని ఆ రోజు దాక తెల్వని నా అసొంటోడు కూడ లిస్టు స్క్రీన్‌షాట్ దాచుకున్నడు. సల్మాన్ రష్దీ నవల 'సెటానిక్ వర్సెస్' సంగతైతే ఇంకా విచిత్రం, 1988ల కస్టమ్స్ నోటిఫికేషన్ ఇచ్చి దిగుమతి ఆపిన్రు, దాని మీద ఒకాయన ఢిల్లీ హైకోర్టుకు పోతే 2024 నవంబర్‌ల తేలిందేందంటే ఆ నోటిఫికేషన్ కాగితం ఏ ఆఫీసుల దొరుకుతలేదు, దొరకనప్పుడు లేదనే అనుకుంటం అన్నరు జడ్జిలు. గంతే, కాగితం పోయింది బ్యాన్ పోయింది. కొనకపోవుడు అట్ల కాదు. దానికి ఆర్డర్ లేదు, నంబర్ లేదు, కింద సంతకం లేదు. కోర్టుకు పోతే ఏం చూపెట్టి కొట్టేయమంటవ్?

మన లైబ్రరీల పైసల లెక్క శానామందికి తెల్వదు, అదొకటి చెప్పాలె. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. 1960 నాటి పబ్లిక్ లైబ్రరీస్ చట్టంలకెళ్లి వస్తున్నదిది, తెలంగాణ వచ్చినంక అదే చట్టం మనకూ కొనసాగింది. మూడు వేల ఇంటి పన్ను ఉన్నోనికి లైబ్రరీ పద్దు 240 రూపాయలన్నట్టు. రసీదు తీసి చూసుకోరి, ఓ మూలకు లైబ్రరీ సెస్ అని ఉంటది. వసూలు చేసేది పంచాయతీలు, మున్సిపాలిటీలు. అవి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలె. కట్టవు, లేకపోతే కొంచెం కట్టి కొంచెం ఆపుతయ్, ఏండ్లకేండ్లు బకాయిలు పడ్తనే ఉంటయ్, నవంబర్ 14 నుంచి 20 దాక గ్రంథాలయ వారోత్సవాలప్పుడు పేపర్ల చిన్న ఐటెమ్ పడ్తది, మళ్ల మర్సిపోతరు. మన జేబుల పైసలు లైబ్రరీ పేరు మీద తీసుకొని మోరీలకో లైట్లకో వాడుకుంటే అడిగెటోడు లేడు. వచ్చిన దాంట్ల కరెంటు బిల్లులు, కిరాయిలు, జీతాలు, పేపర్ బిల్లులు పోంగ మిగిలింది పుస్తకాలకు. ఆ మిగిలిన కాసింత మీద ఎవరి చెయ్యి పడ్తదన్నదే రాజకీయం.

సంస్థకు ఒక చైర్మన్ ఉంటడు. నామినేటెడ్ పోస్టు. ఎవరికిస్తరో అందరికి తెలిసిందే, టికెట్ ఆశపడి రానోనికి, ఎన్నికలప్పుడు జీపేసుకొని తిరిగినోనికి, ఎమ్మెల్యే మనిషికి, లేకపోతే ఎమ్మెల్యేకు పడని మనిషిని సల్లబర్చనీకి. అందరు అట్లనే అంటలేను, పుస్తకాల మీద ప్రేమ ఉన్న చైర్మన్లు కూడ ఉంటరు, గోడలకు సున్నం ఏపిచ్చి కుర్చీలు తెప్పిచ్చినోళ్లను చూసిన. కాని ఆ పోస్టుకు అర్హత మాత్రం పుస్తకం చదువుడు కాదు. ఉమ్మడి వరంగల్ జిల్లా ముక్కలు ముక్కలై ఇప్పుడు ఆరు జిల్లాలాయె, దాంతోని కుర్చీలు కూడ పెరిగినయ్, ఫ్లెక్సీలు కూడ పెరిగినయ్. ప్రమాణ స్వీకారం రోజు డప్పులు, పటాకులు, బైకుల ర్యాలీ, శాలువలు. లోపల గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే పోరలు చెవులల్ల దూది పెట్టుకొని కూసుంటరు, ఒకడు లేశి కిటికీ మూస్తడు. చైర్మన్ సారు వచ్చి రీడింగ్ రూంల పొల్లగాండ్లతోని ఫొటో దిగుతడు. సర్కార్ మారంగనే ఆ మనిషి పోతడు, ఇంకో మనిషి వస్తడు, మళ్ల డప్పులు.

ఇగ పుస్తకాలు ఎట్లొస్తయంటే, ఒక దారి రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్, 1972ల పెట్టింది, కోల్‌కతల ఉంటది, కేంద్ర సాంస్కృతిక శాఖ కింద, రాష్ట్రం కొంత ఏసుకుంటే వాళ్లు కొంత ఏసి కొనేటట్టు స్కీమ్ ఉంది, వాళ్లే నేరుగా పంపేది ఇంకోటుంది. రెండో దారి రాష్ట్ర స్థాయిల సెలక్షన్. పబ్లిషర్లు, సొంతంగ అచ్చేసుకున్న రచయితలు శాంపిల్ కాపీలు ఇస్తరు, కమిటీ చూస్తది, లిస్టు తయారైతది, జిల్లాలు ఆ లిస్టులకెళ్లి కొంటయ్. మూడోది దానాలు. ఈ సెలక్షన్ ఏండ్ల తరబడి నడవకపోతే ఎవరికి దెబ్బ అంటే చిన్న పబ్లిషర్‌కు. తెలుగుల ఒక మంచి పుస్తకం 500 కాపీలో వెయ్యి కాపీలో ఏస్తరు, అందుల లైబ్రరీలు కొంటయని ఆశ ఉంటెనే అప్పు చేసి ప్రెస్సుకు పోతరు. లైబ్రరీ కొనదని తెలిసిననాడు ఆ పుస్తకం అచ్చే కాదు. లైబ్రరీల ఉండుడు లేకపోవుడు తర్వాత ముచ్చట, లోకంలకే రాదు.

నేను పోయే లైబ్రరీల (పేరెందుకు, ఉమ్మడి జిల్లాల ఒకటి) జీవిత చరిత్రల బీరువా ఒకటుంది. కింది అరల వరుసగ ఒకే నాయకుని పుస్తకం, పది కాపీలకు పైన్నే, గట్టి అట్ట, నిగనిగలాడే కాగితం, వెన్ను కూడ విరగలే. ఒకటి తీసి ఎనుక అట్ట తిప్పిన. లైబ్రరీల తిరిగెటోళ్లకు తెలుసు, అసలు ముచ్చట ఎనుక పేజీల అతికిచ్చిన డేట్ స్లిప్ చెప్తది, పుస్తకం ఎవరన్న తీసుకపోయినప్పుడల్ల తేదీ ఏసేది దాని మీదనే. ముందు పేజీల ఊదారంగు ముద్ర ఉంది, యాక్సెషన్ నంబర్ ఉంది, స్లిప్ అతికిచ్చిన గమ్ము కూడ కనపడుతుంది, తేదీలు మాత్రం ఒక్కటి లేదు. ఇంకో కాపీ తీసిన, అదీ ఖాళీనే. పక్క అరల సర్కార్ పథకాల మీద పుస్తకాలు, నాయకుల ప్రసంగాలు, ఫొటోల ఆల్బంలు, అన్ని అదే కథ. అదే బీరువాకు ఎదురుంగ 80లల్ల వారపత్రికలల్ల సీరియళ్లుగ వచ్చిన నవలలు ఉంటయ్, అట్ట ఊడి, దారం ఏలాడుకుంట, డేట్ స్లిప్ మీద డేట్ స్లిప్ మూడు పొరలు అతికిచ్చి, ఆఖరి పేజీ ఎవడో చింపుకపోయి. హంతకుడెవడో తెల్వకుంటనే చదివినోళ్లు ఈ జిల్లాల ఎందరున్నరో.

ఇప్పుడు ఒక మాట ఒప్పుకోవాలె, లైబ్రరీలకు రాజకీయం అంటొద్దు అని పెద్దలు చెప్తరు చూడు, ఆ మాట మన దగ్గర నడవదు. మన లైబ్రరీలు పుట్టిందే రాజకీయంల. హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901ల, మన హనుమకొండల రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904ల వచ్చినయ్, నిజాం జమానాల, సర్కార్ భాష ఉర్దూ అయినప్పుడు, నలుగురు కూసొని తెలుగు చదువుకుందమనుడే ఒక ధిక్కారం. తర్వాత్తర్వాత నిజాం సర్కార్ గస్తీ నిషాన్ 53 అని ఒక ఆర్డర్ తెచ్చింది, సభ పెట్టాలంటే పర్మిషన్ కావాలె. చదువుకునే జాగా అనే పేరు మీదనే జనం కలిసిన్రు. 1930ల జోగిపేటల సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ మొదటి సభ జరిగిందంటే దాని ఎనుక ఈ లైబ్రరీల మనుషులే ఉన్నరు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంట ఊరూరు తిరిగి అమ్మిండు, జైలుకు పోయిండు. మన కాళోజీ కూడ గ్రంథాలయ ఉద్యమంల తిరిగినోడే. వీళ్లల్ల ఎవరన్న రాజకీయం అంటకుంట ఉన్నరా?

తెలంగాణ వచ్చినంక కూడ అంతే. నా చిన్నప్పుడు మా ఊరి శాఖా గ్రంథాలయంల తెలంగాణ రచయిత పుస్తకం కావాలంటే దేవులాడాల్సి వచ్చేది, ఉన్నా ఓ మూలకు ఒకటో రెండో. 2014 తర్వాత ఈ ప్రాంతం చరిత్ర, యాస, బతుకమ్మ, బోనాలు, చెరువులు, సాయుధ పోరాటం, వీటి మీద పుస్తకాలు షెల్ఫుల మీదికి వచ్చినయ్. అది రాజకీయం వల్లనే వచ్చింది, దానికి నేను సంతోషపడ్డ, ఇప్పటికీ పడ్త. అందుకే ఎవరన్న లైబ్రరీని రాజకీయాలకు దూరం పెట్టాలె అంటే నాకు కొంచెం అనుమానమే, అప్పుడు లైబ్రరీల ఏం మిగుల్తది, వంటల పుస్తకాలు, వాస్తు పుస్తకాలు. (వాస్తు మీద మాత్రం ఎన్నైనా ఉంటయ్, అది ఏ సర్కార్ వచ్చినా చెక్కుచెదరది.) నా తకరారు ఎక్కడంటే, ఆ రాజకీయం తలుపులకెళ్లి తెలంగాణ వచ్చింది, తెలంగాణ ఎనుకనే తెలంగాణ నాయకులు వచ్చిన్రు, నాయకుల పుస్తకాలకే జాగ సరిపోయినంక మిగిలినోళ్లు బయటనే నిలబడ్డరు.

మిగిలినోళ్లు ఎవరంటే, వరంగల్‌ల 1966ల సృజన అనే పత్రిక మొదలైంది, తర్వాత విప్లవ సాహిత్యానికి పేరుపడ్డది, తెలుగు సాహిత్యంల దాని జాగ ఏందో ఇష్టమున్నోళ్లకు ఇష్టం లేనోళ్లకు ఇద్దరికి తెలుసు. ఆ ఊర్ల పుట్టిన పత్రిక ఆ ఊరి దిక్కు లైబ్రరీలల్ల దొరకాలె కదా. నేను పోయే కాడ అడిగితే ఒక్క సంచిక లేదు. విప్లవ సాహిత్యం అంటెనే గిట్లనా అంటే పూర్తిగ అట్ల కూడ కాదు, దళిత రచయితలు సొంతంగ అచ్చేసుకున్నయి, ఆడోళ్ల కథలు, ములుగు ఏటూరునాగారం దిక్కు కోయ పిల్లలు చదువుకునే బొమ్మల పుస్తకాలు, ఇవి కూడ కనపడయ్. ఎవరో కూసొని ఇవి వద్దు అన్నరని నేను అంటలేను. అనాల్సిన పనే లేదు. ఈ ప్రాంతంల ఒక కాలంల ఇంట్ల ఎర్ర అట్ట పుస్తకం ఉందంటే అవ్వలు గడ్డివాముల దాచేటోళ్లు, పోలీసులు వస్తే పొయ్యిల పెట్టేటోళ్లు, ఆ భయం ఎటు పోతది? అది లిస్టు టైప్ చేసే గుమాస్త చేతిల కూడ ఉంటది, ఎందుకచ్చిన లొల్లి అని ఒక లైను వదిలేస్తడు. 2005 ఆగస్టుల విరసం, అంటే విప్లవ రచయితల సంఘం మీదనే నిషేధం పెట్టిన్రు, కొన్ని నెలలకే అది పోయింది. నిషేధం పోయినట్టు భయం పోదు.

పేపర్ల ముచ్చట చెప్పకపోతే అన్యాయం. పొద్దున ఎనిమిదికి తలుపు తీయంగనే మొదలొచ్చేది పింఛన్ సార్లు, రిటైర్డ్ సింగరేణోళ్లు, ఆటో స్టాండుకు పొయ్యేముందు గంట కూసునే డ్రైవర్లు. ఒక పేపర్‌ను నాలుగు పొరలు చేసి పంచుకుంటరు, ఎడిటోరియల్ ఒకరికి, జిల్లా టాబ్లాయిడ్ ఒకరికి, స్పోర్ట్స్ పేజీ కోసం మాత్రం గుంజుకునుడే. ఏ పేపర్ ఏ పార్టీదో చెప్పనీకి వాళ్లకు ఎవరు అవసరం లేదు, నమస్తే తెలంగాణ గులాబీది, వెలుగు వివేక్ వాళ్లది, సాక్షి జగన్‌ది, నవతెలంగాణ ఎర్రజెండోళ్లది, కళ్లు మూసుకొని చెప్తరు. ఏ పేపర్ కొత్తగ వస్తుంది ఏది బందైంది అన్నది చూసి కాలం ఎవరిదో చెప్తరు వాళ్లు. ఒక పెద్దాయన నాతోని అన్నడు, "బిడ్డా, టేబుల్ మీద రెండు పేపర్లు చదివితే సగం సగం నిజం దొరికేది, ఇప్పుడు రెండో పేపర్ తీసేసిన్రు, సగం నిజంతోనే ఇంటికి పోతున్న." మన పక్క రాష్ట్రం ఆంధ్రల ఇదే పేపర్ల పంచాయితీ సుప్రీంకోర్టు దాక పోయింది, 2022ల గ్రామ, వార్డు వాలంటీర్లకు నెలకు 200 రూపాయలిచ్చి బాగ సర్క్యులేషన్ ఉన్న పేపర్ ఏసుకోండ్రి అని జీవో ఇచ్చిన్రు, ఇది అప్పటి ముఖ్యమంత్రి జగన్ కుటుంబం పేపర్ సాక్షి కోసమే అని ఈనాడు వాళ్లు కోర్టుకెక్కిన్రు, 2023ల సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు పంపింది. లైబ్రరీ పేపర్ బిల్లంటే చిల్లర పైసలు అనుకుంటం గని, రాష్ట్రమంత ఒక్క పేపర్ అన్ని శాఖలకు ఏస్తే ఎంతైతదో లెక్కేసుకోరి.

సర్కార్ మారితే అచ్చు కాగితానికి ఏం గతి పడ్తదో 2024 జూన్‌ల మన కండ్లతోనే చూసినం. బడులు తెరిచిన రోజు పిల్లలకు తెలుగు పుస్తకాలు పంచిన్రు, ముందుమాటల పాత ముఖ్యమంత్రి పేరు అట్లనే ఉంది. ఆగమాగం. పంచిన పుస్తకాలు వాపస్ తీసుకున్నరు, ఆ పేజీని గమ్ముతోని అతికిచ్చి మళ్ల ఇచ్చిన్రు. ఒక ముందుమాట కోసం పంతుళ్లు బడి మొదటి వారం గమ్ము డబ్బాలు పట్టుకొని కూసున్నరు. అటు మధ్యప్రదేశ్‌ల అదే ఏడాది ఆగస్టుల ఉన్నత విద్యా శాఖ కాలేజీ లైబ్రరీలకు 88 పుస్తకాల లిస్టు పంపింది, ఆరెస్సెస్ నాయకులు రాసినయి కూడ అందుల ఉన్నయ్, కొనుండ్రి అని. తమిళనాడుల అయితే పుస్తకం కాదు, బిల్డింగుకే ఎసరొచ్చింది. కరుణానిధి 2010ల చెన్నైల అన్నా శతజయంతి లైబ్రరీ తెరిచిండు, 2011ల జయలలిత గెలిచి దాన్ని పిల్లల దవాఖాన చేస్తమన్నది, మద్రాస్ హైకోర్టు ఆపింది కాబట్టి ఉంది ఇప్పటికి. పిల్లల దవాఖాన వద్దని ఎవడంటడు చెప్పుండ్రి, అందుకే అది పెద్ద ఎత్తుగడ. ఏ పార్టీ ఈ పని చెయ్యదు అని నాకైతే నమ్మకం లేదు, జెండా రంగు మారుతది గంతే.

ఇక మా లైబ్రరీల నూటికి తొంభై మంది గ్రూప్స్ పోరలు, వాళ్లకు ఈ గోలంత పట్టదనుకుంటం. పడ్తది. గ్రూప్-2 నాలుగో పేపర్ తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. అంటే నిన్న మొన్నటి రాజకీయమే సిలబస్. ఎవరి దీక్షతోని వచ్చింది, ఎవరు ఇచ్చిన్రు, ఎవరు తెచ్చిన్రు, విద్యార్థుల పాత్ర ఎంత, ఎంప్లాయీస్ పాత్ర ఎంత, ఇవన్ని మార్కులు. షెల్ఫుల ఒక్క రకం పుస్తకమే ఉంటే ఒక్క రకం జవాబే వస్తది. "అన్నా, మేం రెండు జవాబులు నేర్చుకుంటం, నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఎవడు సీఎం ఉన్నడో సూసి ఒకటి రాస్తం" అని ఒక పోరడు అన్నడు, నవ్వినం అందరం, వానికి ఆ నవ్వు తర్వాత మళ్ల మొఖం మాడింది, ఏజ్ లిమిట్ దగ్గర పడుతుంది పాపం. వాళ్లు లైబ్రరీ పుస్తకం ముట్టరు, సొంత పుస్తకాలు సంచిల ఏసుకొని టిఫిన్ డబ్బాతోని వస్తరు, వాళ్లకు కుర్చీ, ఫ్యాన్, కరెంటు ఉంటే చాలు. లైబ్రరీ అంటే కిరాయి లేని రూం అయిపోయింది. చదివెటోళ్లు పుస్తకాలు అడుగకపోతే లిస్టు చేసెటోళ్లకు ఇంకా సుఖం.

అడిగితే ఏమైతదో కూడ చెప్త. పైన చెప్పిన పత్రిక సంచికలు, ఇంకో రెండు మూడు పుస్తకాలు కావాలని కౌంటర్ కాడికి పోయిన. లైబ్రేరియన్ సారు మంచోడు, ఆయన ఒక్కడే తలుపు తీసుడు, ఊడ్సుడు, పేపర్లు కుట్టుడు, పుస్తకాలు ఇచ్చుడు.

"సారూ, ఇవి తెప్పియ్యరాదా?"

"తమ్మీ, మాకు పైకెళ్లి లిస్టు వస్తది. లిస్టుల ఉన్నయే వస్తయి."

"లిస్టు ఎవరు చేస్తరు?"

"కమిటీ."

"కమిటీల ఎవరుంటరు?"

ఆయన అద్దాలు తీసి తుడుసుకున్నడు. "గా రిజిస్టర్ల రాసి పో తమ్మీ, పాఠకుల సూచనలు అని ఉంటది."

రిజిస్టర్ తీస్తే దుమ్ము. నా కంటె ముందు రాసినోళ్లు పోలీస్ కానిస్టేబుల్ మెటీరియల్ కావాలని, మంచినీళ్ల ఫిల్టర్ పెట్టాలని, బాత్రూంకు గొళ్లెం లేదని రాసిన్రు. ఒక పేజీల ఎవరో అమ్మాయి కుదురైన అక్షరాలతోని ఏడెనిమిది పుస్తకాల పేర్లు రాసింది, అన్ని తెలుగు రచయిత్రులయే, పబ్లిషర్ పేరు, ధర, ఫోన్ నంబర్‌తోని సహా. పక్కన చర్య తీసుకున్న వివరాలు అని ఒక కాలం ఉంది. కాలం మొత్తం ఖాళీ, మొదటి పేజీకెళ్లి ఆఖరి పేజీ దాక. సారును అడిగితే "ఈ రిజిస్టర్ ఆడిట్ కోసం పెడ్తం" అన్నడు. ఆయన మీద నాకు కోపం రాలే. పోస్టులు నింపక, ఒక్క మనిషిని రెండు మూడు శాఖలకు తిప్పుకుంట, ఆయన్ను కమిటీ ఎవరని అడుగుడు నాదే అతి.

అందుకే ఆర్టీఐ ఏసిన, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. మండల స్థాయి దాటితే ఫీజు 10 రూపాయలు, మండలంల 5, ఊర్ల అయితే ఫీజే లేదు, ఎవరైనా ఎయ్యొచ్చు, తెల్లకాగితం మీద రాస్తే చాలు. అసలు 2005 చట్టం 4వ సెక్షన్ ప్రకారం సర్కార్ ఆఫీసులు శానా వివరాలు ఎవరు అడగకుంటనే బయట పెట్టాలె. నేను అడిగినయి పెద్దవి కావు. పోయిన మూడేండ్లల్ల కొన్న పుస్తకాల పేర్లు, ఒక్కోటి ఎన్ని కాపీలు, ఏ రేటుకు. సెలక్షన్ కమిటీల ఎవరెవరు ఉన్నరు, ఎన్నిసార్లు కూసున్నరు, మినిట్స్ కాపీ. ఏ పేపర్లు ఎన్ని కాపీలు ఏపిస్తున్నరు, మధ్యల ఏది బంద్ చేసిన్రు, ఎందుకు. పాఠకులు రిజిస్టర్ల అడిగిన వాటిల ఎన్ని కొన్నరు. ఇంకోటి, పరిశీలనకు వచ్చినయి కాని కొననియి ఏయే పుస్తకాలు, ఎందుకు వద్దనుకున్నరు.

జవాబు వచ్చింది. కొన్న పుస్తకాల లిస్టు ఇచ్చిన్రు, అది మెచ్చుకోవాలె, అందుల నేను పైన చెప్పిన నిగనిగలాడే పుస్తకం కాపీల సంఖ్య చూసి మా ఇంట్ల ఆమె కూడ నోరు తెరిచింది. పేపర్ల గురించి సగం జవాబు. కమిటీ గురించి పై ఆఫీసును అడగమన్నరు. ఆఖరి ప్రశ్నకు లైను కూడ రాయలే, డ్యాష్ పెట్టిన్రు. ఆ డ్యాష్ ఏందని కాగితం పట్టుకొని ఆఫీసుకు పోతే అక్కడి గుమాస్త మర్యాదగనే కూసోబెట్టి చాయ్ చెప్పి అన్నడు, "సార్, కొన్నదానికి బిల్లు ఉంటది, ఫైలు ఉంటది. కొననిదానికి ఫైలెక్కడుంటది?" శాంపిల్ కాపీలు వస్తయి కదా, అవి ఎటు పోతయ్ అన్న. "అవి అట్ల ఉంటయ్ సార్" అని గోడ దిక్కు చూపెట్టిండు, బీరువా మీద సుతిలి కట్టిన పుస్తకాల కట్టలు, ఎవరి కవితల పుస్తకాలో ఏమో. ఒక కట్ట విప్పి చూడనిస్తవా అంటే సారు లేడు అన్నడు.

ఫస్ట్ అప్పీలుకు 30 రోజుల టైమ్ ఉంటది. అందుల ఒక్కటే అడుగుదమనుకుంటున్న, ఆ బీరువా మీది కట్టలల్ల ఉన్న శాంపిల్ కాపీల పేర్లు, వచ్చిన తేదీలు. అవి ఇన్‌వర్డ్ రిజిస్టర్ల ఎక్కకుంట లోపలికి రావు కదా, ఆ రిజిస్టర్ జిరాక్స్ ఇయ్యమంట. ఈ ఆదివారం కూసొని రాయాలె, రాత మంచిగున్నోళ్లు ఎవరన్న ఉంటే డ్రాఫ్ట్ చూసి పెట్టుండ్రి, నా తెలుగు ఆఫీసు తెలుగు కాదు.